వార్తల్లో పదం: రివిజన్ హిప్ సర్జరీ

ఒకసారి మార్చిన తుంటి కీలు అరిగినా, వదులైనా, చీము పట్టినా దాన్ని తీసేసి మళ్లీ కొత్తది అమర్చే ఆపరేషన్ ఇది. డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ కీళ్ల వ్యవహారంతో మన దేశంలో ఈ మాట బాగా వినబడింది. లోహం మీద లోహం రాసుకుని కోబాల్ట్, క్రోమియం రేణువులు రాలి, చుట్టూ కండ దెబ్బతినడంతో ఎందరికో రెండోసారి కోత తప్పలేదు. కంపెనీ 2010 ఆగస్టులో ఆ కీళ్లను వెనక్కి తీసుకుంది. మన దగ్గర చాలామంది బాధితుల ఆచూకీయే దొరకలేదు, ఇది క్షమించరానిది.

పాత కీలును ఎముక చెడకుండా ఊడదీయడమే పెద్ద పని. తుంటి గుంటలో అమర్చిన గిన్నె చుట్టూ వంపు కత్తిని కొద్దికొద్దిగా తిప్పుతూ విడదీస్తారు. తొడ ఎముకలో దిగిన కాడ కదలకపోతే ఎముక పైభాగాన్ని పొడవుగా కోసి, కండ అంటుకుని ఉండగానే తలుపులా తెరిచి తీస్తారు. తర్వాత మూసి తీగలతో బిగిస్తారు. ఎముక తరిగిన చోట దాత ఎముక ముక్కలు గానీ, సన్నని రంధ్రాలున్న టాంటలం దిమ్మెలు గానీ కూరుతారు. కొత్త కాడ పొడవుగా ఉంటుంది, కింద గట్టి ఎముకలో పట్టు దొరకాలి కదా. ఇన్ఫెక్షన్ ఉంటే తరచూ రెండు విడతలు: ముందు తాత్కాలికంగా యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు స్పేసర్, కొన్ని వారాలకు కొత్త కీలు.

మార్చిన కీలుతో ఇబ్బంది ఉంటే నాదర్‌గుల్ వాళ్లు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రికి చేరొచ్చు. వెళ్లేటప్పుడు మొదటి ఆపరేషన్ కాగితాలు, కీలు కంపెనీ, నంబరు ఉన్న స్టిక్కరు తప్పక పట్టుకెళ్లాలి. ఏ పరికరాలు సిద్ధం చేసుకోవాలో డాక్టరుకు చెప్పేది అదే.