తడికట్టె ఎక్కడ?

పిల్లల పరీక్ష అంటే మన ఇళ్ళలో ఒక్కరు వ్రాసేది కాదు, ఇంటిల్లిపాదీ వ్రాసేది. బెంగుళూరులో మూడు తరాలుగా ఉంటున్న మా కుటుంబానికి ఈ సంవత్సరం అటువంటి పరీక్షే వచ్చింది. మా తమ్ముడి కూతురు ఉద్యోగం చేస్తూనే వ్యాపార నిర్వహణలో పైచదువు చదవాలని నిశ్చయించుకున్నది. అందుకు 'జీమ్యాట్' అనే ప్రవేశ పరీక్ష వ్రాయాలి. అమెరికాలో 1954లో మొదలైన ఈ పరీక్షను ఇప్పుడు అనేక దేశాల విద్యాలయాలు పరిగణిస్తున్నాయి. హైదరాబాదులో 2001లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వాటిలో ఒకటి. మా అమ్మాయి చూపు దానిమీదే ఉన్నది.

ఆమెకు లెక్కలంటే భయం లేదు. చిక్కల్లా 'క్రిటికల్ రీజనింగ్' తోనే. అంటే ఒకరు చేసిన వాదాన్ని పరిశీలించి, దాని బలాబలాలు తేల్చటం. 2023 చివర వచ్చిన కొత్త పద్ధతిలో వ్యాకరణ దోషాలు దిద్దే ప్రశ్నలు తీసివేశారు. భాషా విభాగంలో ఇక మిగిలినవి రెండే రకాలు: చదివి గ్రహించేవి, తర్కించేవి. మొత్తం 23 ప్రశ్నలకు 45 నిమిషాలు. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలైనా పూర్తిగా దొరకవు.

ప్రశ్న ఎట్లా ఉంటుందో చదువరులకు తెలియటానికి నేనే ఒకటి కల్పించి చెబుతాను.

ఒక మిఠాయి దుకాణం యజమాని అట్టపెట్టెల రంగు మార్చాడు. ఆ నెలలో అమ్మకాలు రెట్టింపయ్యాయి. కాబట్టి కొత్త పెట్టెలవల్లనే అమ్మకం పెరిగిందని తేల్చాడు. ఈ వాదం నిలవాలంటే, అతడు పైకి చెప్పకుండా నమ్మినదేమిటి?

కొత్త పెట్టెకు ఖర్చు తక్కువ అనా? అది లాభానికి సంబంధించిన సంగతి, అమ్మకానికి కాదు. రంగులన్నిటిలో జనానికి ఎరుపే ఇష్టం అనా? అంత దూరం పోనక్కరలేదు. అమ్మకాలు రెట్టింపు కావటానికి ఆ నెలలో మరో కారణమేదీ లేదు అన్నదే అతడి నమ్మకం. సరిచూడటానికి ఒక ఉపాయం ఉన్నది. ఆ మాటను తిరగవేసి చూడాలి. "మరో కారణం ఉన్నది, అది దీపావళి నెల" అన్నామా, వాదం కూలిపోయింది. తిరగవేస్తే వాదాన్ని కూల్చే మాటే దానికి ఆధారం. ఇక నిరుడు ఇదే నెలలో పాత పెట్టెలతోనూ అమ్మకం రెట్టింపయిందంటే వాదం బలహీనపడుతుంది. నిరుడు పండుగ ఉన్నా పెరగలేదంటే బలపడుతుంది. ఒకే కథమీద ఇట్లా పలు రకాలుగా అడగవచ్చు.

ఇదంతా పరదేశపు విద్య అని అమ్మాయి అనుకున్నది. అప్పుడు నేను అన్నంభట్టు సంగతి చెప్పాను. పదిహేడవ శతాబ్దంలో 'తర్కసంగ్రహం' రచించిన ఆయన ఆంధ్రుడని పండితులు చెబుతారు. తర్కం నేర్చుకోబోయేవారికి మన దేశంలో తరతరాలుగా మొదటి పుస్తకం అదే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది కనుక, కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నదని చెప్పవచ్చు. కాని నిప్పున్నది కాబట్టి పొగ ఉండాలి అంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడికట్టె తోడు కావాలి. చెప్పకుండా దాగి ఉన్న ఇటువంటి షరతును తార్కికులు 'ఉపాధి' అన్నారు.

ఆనాటినుంచి మా ఇంట్లో "తడికట్టె ఎక్కడ?" అన్నది నానుడి అయిపోయింది.

అభ్యాసానికి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. మొదట్లో అమ్మాయి రోజుకు నలభై ప్రశ్నలు చేసేది. తప్పులు మాత్రం తగ్గలేదు. తరువాత పది చాలునన్నాము. ప్రశ్న చదివి, పుస్తకం మూసి, జవాబులు చూడకముందే ఆ వాదాన్ని తెలుగులో నాకు చెప్పాలి: ఏమంటున్నాడు? ఎందుకంటున్నాడు? వీథిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే పిల్లకు ఇంటి భాషలో చెప్పటం మొదట కష్టమైంది. కాని ఇంగ్లీషు మాటలు అప్పజెప్పటానికీ, అర్థం కావటానికీ గల తేడా అక్కడే బయటపడింది. తెలుగులో చెప్పలేకపోయిన ప్రశ్నలలోనే ఆమె ఎక్కువగా తప్పింది.

రెండవది, ఒక నోటుపుస్తకం. తప్పిన ప్రతి ప్రశ్నకూ సరియైన జవాబు వ్రాస్తే చాలదు. తప్పు జవాబు తనకెందుకు నచ్చిందో ఒక్క వాక్యంలో వ్రాయాలి. మూడు వారాలకు ఆమె రోగం ఆమెకే తెలిసింది. లోకంలో నిజమైన మాట కనిపిస్తే చాలు, అది ఈ వాదానికి అవసరమా అని చూడకుండా గుర్తు పెట్టేస్తున్నది. గడియారం పెట్టుకుని చేయటం ఆ తరువాతనే మొదలుపెట్టింది.

ఇంతలో మా తమ్ముడు ఒక శిక్షణ కేంద్రానికి వెళ్ళి వచ్చాడు. అక్కడి గోడ నిండా సీట్లు వచ్చిన పిల్లల ఫోటోలు. "ఇంతమందికి వచ్చింది, కాబట్టి మనమ్మాయికీ వస్తుంది" అన్నాడు. ఫీజు పెద్ద మొత్తం. మా మరదలు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, తాకట్టు పెట్టటానికి తన గాజులు తెచ్చి బల్లమీద పెట్టింది.

అమ్మాయి చాలాసేపు ఆ గాజులవంకే చూసింది. "నాన్నా, తడికట్టె ఎక్కడ? చేరినవాళ్ళు మొత్తం ఎంతమంది? రానివాళ్ళ ఫోటోలు గోడమీద ఉండవు గదా! వచ్చినవాళ్ళకు అక్కడ చేరకపోయినా వచ్చేదేమో?" అన్నది.

మరునాడు తమ్ముడు వెళ్ళి అడిగాడు. చేరినవారి లెక్క వారు చెప్పలేదు. గాజులు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి.

నాకు ఉత్సాహం వచ్చింది. "చూశావా! మా రోజుల్లో ఏ శిక్షణా లేకుండానే పైకి వచ్చాము. కాబట్టి నీకూ అక్కరలేదు" అన్నాను.

అమ్మాయి నవ్వింది. "పెదనాన్నా, మీదీ ఆ గోడే. పైకి వచ్చిన మీ ఫోటో ఒక్కటే దానిమీద ఉన్నది. మీతో చదివి రానివాళ్ళను మీరు లెక్క పెట్టలేదు."

నేను సమాధానం చెప్పలేకపోయాను. శిక్షణ వృథా అని తేలలేదు, అవసరమనీ తేలలేదు. తేలినది ఒక్కటే: ఆ ఫోటోలను నమ్మి గాజులు తాకట్టు పెట్టరాదు, నా గొప్ప విని శిక్షణ మానరాదు. చివరకు ఆమె రెండు నమూనా పరీక్షలు వ్రాసి, తనకు ఎక్కడ సాయం కావాలో చూసుకుని, అప్పుడు నిర్ణయిద్దామన్నది. అందరికీ సబబుగా తోచింది.

పరీక్ష వచ్చే నెలలో. ఫలితం ఎట్లా ఉంటుందో చెప్పలేను. కాని సంబంధాలు చూసేటప్పుడు, స్థలం కొనేటప్పుడు, పిల్లలను ఏ చదువులో పెట్టాలో తేల్చేటప్పుడు 'కాబట్టి' అనే మాట మన ఇళ్ళలో ఎన్నిసార్లు వినిపిస్తుందో చదువరులకు తెలియనిది కాదు. ఈసారి ఎవరైనా ఆ మాట అన్నప్పుడు, కోపం లేకుండా, గౌరవం తగ్గకుండా, "తడికట్టె ఎక్కడ?" అని అడిగి చూడండి. ఆ మాట అన్నది మనమే అయితే మరీ మంచిది.