పట్టాభిషేక పటంలో సీతమ్మను చూశారా?

ఏలూరు వీధులలోని రామమందిరాలలో గానీ, తాడేపల్లిగూడెం పరిసర గ్రామాల భజన మందిరాలలో గానీ, కొల్లేటి లంకలలోని చిన్న రామాలయాలలో గానీ ఒక పటం మనకు తరచు దర్శనమిస్తుంది. సింహాసనంపై శ్రీరామచంద్రుడు, ఆయన ఎడమ పక్కన సీతమ్మ, ఛత్రచామరాలు ధరించిన తమ్ములు, పాదాల చెంత ఆంజనేయుడు. మీ ఇంటి పూజామందిరంలోనూ ఆ పటం ఉండే ఉంటుంది. 1894లో రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం, ఆ తరువాత వచ్చిన శివకాశి కేలండర్లు ఇటువంటి దేవతా చిత్రాలను పూరింటి గోడలకు సైతం చేర్చాయి.

దానిని మనం పట్టాభిషేక పటం అంటాము. కానీ ఒక్క క్షణం నిలిచి చూడండి. అపహరణ వల్ల విడిపోయి, యుద్ధానంతరం ఒక్కటైన దంపతుల చిత్రం కూడా అదే. ఆ కలయిక జరిగింది అయోధ్యలో కాదు, లంకలో, నెత్తురింకా ఆరని రణభూమి చెంత.

వాల్మీకి మహర్షి ఆ ఘట్టాన్ని ఏమాత్రం మెత్తబరచలేదు. రావణ వధ అనంతరం సీతను మంగళస్నానం చేయించి, అలంకరించి తీసుకురమ్మని రాముడు విభీషణునితో చెబుతాడు. స్నానమైనా చేయకుండా, ఉన్న పళంగా భర్తను చూడాలని ఆ తల్లి కోరిక. భర్త ఆజ్ఞ అని విభీషణుడు నచ్చచెప్పగా అంగీకరిస్తుంది. పల్లకిలో వచ్చిన ఆమెను చూడడానికి వానరులు గుమికూడితే రాక్షసభటులు వారిని అదిలిస్తారు. రాముడు కోపించి, యుద్ధంలోనూ ఆపదలోనూ స్త్రీ నలుగురి కంట పడడం దోషం కాదని చెప్పి, ఆమెను నడిచి రమ్మంటాడు. అప్పుడు పలికిన మాటలే కఠినాతికఠినం. యుద్ధం చేసింది తన వంశగౌరవం కోసమేననీ, ఇక ఆమె తనకు నచ్చిన చోటికి పోవచ్చుననీ అంటాడు. సీత లక్ష్మణుని చేత చితి పేర్పించుకుంటుంది. అగ్నిదేవుడే ఆమెను తెచ్చి అప్పగించవలసి వచ్చింది. దివి నుండి వచ్చిన దశరథుడు సైతం, నీ భర్తపై కోపగించకమ్మా అని కోడలికి చెప్పవలసి వచ్చింది!

ఈ ఘట్టం మన పటంలో ఎందుకు లేదు? సమాధానం శ్రీకాళహస్తి కలంకారీలో దొరుకుతుంది. అక్కడి నిపుణులు వెదురు కలంతో వస్త్రంపై రామాయణాన్ని చిత్రించేటప్పుడు నడుమ పెద్ద గడిలో పట్టాభిషేకాన్ని నిలుపుతారు. దాని చుట్టూ వరుసలు వరుసలుగా కథంతా నడుస్తుంది. అడుగున తెలుగు అక్షరాలలో వివరణ ఉంటుంది. భక్తుడు ఆ వరుసలన్నీ చూసుకుంటూ నడిమి గడికి చేరతాడు. మన ఇళ్ళలోని పటం ఆ నడిమి గడి వంటిదే. చుట్టూ ఉండవలసిన కథ మాత్రం మన మనస్సులోనే ఉండాలి. పటం కట్టించినవారి తప్పు కాదిది. నిత్యం దీపం పెట్టే చోట చితిమంటలను ఎవరు నిలుపుకుంటారు?

రాజాస్థానాల చిత్రకారులకు ఆ సంకోచం లేదు. మేవాడ్ రాణా జగత్ సింగ్ కోసం సాహిబ్‌దీన్ అనే చిత్రకారుడు 1652లో యుద్ధకాండను చిత్రించాడు. ఆ ప్రతి నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని ఒక చిత్రంలో నాగాస్త్రబద్ధులై రామలక్ష్మణులు నేలపై పడి ఉంటారు. రావణుని ఆజ్ఞపై సీతను పుష్పకంలో ఎక్కించి ఆ దృశ్యం చూపిస్తారు. యుద్ధమధ్యంలో దంపతులు ఒకే చోటికి చేరిన సందర్భమది. ఆమె చూస్తుంది, ఆయన చూడలేడు. భర్త మరణించాడనే తలుస్తుంది. ఆయన బ్రతికే ఉన్నాడని ధైర్యం చెప్పింది రాక్షస స్త్రీ అయిన త్రిజట!

పరదేశాలలోనూ ఇటువంటి చిత్రాలున్నాయి. ఆంగ్ల చిత్రకారుడు మిలే 1853లో ప్రదర్శించిన ‘విడుదల ఉత్తరువు, 1746’లో, చెరలో ఉన్న స్కాట్లండు యోధుని భార్య చంటిబిడ్డను ఎత్తుకుని, ఉత్తరువు కాగితం కావలివాని చేతికి అందిస్తుంది. గాయపడిన భర్త ఆమె భుజంపై తల వాల్చుకుంటాడు. తొణకక నిటారుగా నిలిచినది ఆమె ఒక్కతే.

మన కొల్లేటి గాథ మరింత కఠినం. కొల్లేటికోట గజపతుల దుర్గంగా ఉన్న కాలంలో శత్రుసేన చిగురుకోటలో విడిది చేసిందట. సరస్సు నీటిని సముద్రంలోకి మళ్ళించి కోటను పట్టాలని ఉప్పుటేరు మార్గాన కాలువ తవ్వించిందట. అప్పుడు గజపతి సేనాని దేవతల ప్రసన్నత కోసం తన కన్నకూతురినే బలి ఇచ్చాడని, అందుకే ఆ కాలువకు పేరంటాళ్ళ కనుమ అనే పేరు వచ్చిందని స్థలగాథ. ఆ బిడ్డను తిరిగి అప్పగించడానికి ఏ అగ్నిదేవుడూ రాలేదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్ళినప్పుడు ఆమెను కూడా తలచుకోండి.

మళ్ళీ పటం వద్దకు వద్దాము. పుష్పకం అయోధ్యకు మరలినప్పుడు రాముడు సీతకు యుద్ధభూమిని, సేతువును చూపుతూ వస్తాడు. కిష్కింధ కనిపించగానే ఆమె ఒక్కటే కోరుతుంది: తార మొదలైన వానర స్త్రీలను కూడా వెంట తీసుకుపోదామని. భర్తలు యుద్ధానికి పోగా ఇళ్ళలో నిలిచిన ఇల్లాళ్ళు వారు. ఆ నిరీక్షణ ఎటువంటిదో విమానంలో ఆమెకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? విమానం దిగింది, వారందరూ ఎక్కారు. మన పటాలలో వారు సాధారణంగా కనిపించరు. చిత్రకారులు ఆ తల్లులకు ఒక మూల చోటిస్తే బాగుండేది.

పట్టాభిషేక సభలో రాముడు సీతకు ముత్యాలహారం ఇస్తాడు. ఆమె దానిని మెడ నుండి తీసి, చేత పట్టుకుని, వానరులనూ భర్తనూ మార్చి మార్చి చూస్తుంది. నీకు ప్రీతిపాత్రుడైన వానికి ఇమ్మంటాడాయన. సముద్రం దాటి వెళ్ళి ఆయన ఉంగరం ఆమెకు, ఆమె చూడామణి ఆయనకు చేర్చినవాడు ఆ సభలోనే ఉన్నాడు. ఈసారి దీపం వెలిగించినప్పుడు, పాదాల చెంత కూర్చున్న హనుమంతుని మెడలో ఆ హారం ఉందేమో చూడండి.