గద్వాల చీరకు అద్దె మడిగా, సొంత కట్టడమా?

వెబ్‌సైట్ పెట్టాలనుకునే చిన్న వ్యాపారికి రెండు దారులున్నాయి. విక్స్, షాపిఫై వంటి బిల్డర్లలో నమూనా సిద్ధంగా ఉంటుంది. పేరు, ఫొటోలు, ధరలు నింపి నెలకో ఏడాదికో ఇంతని కడితే చాలు. రెండోది, డెవలపర్‌తో కోడు రాయించుకునే కస్టమ్ సైటు. ఒకటి అద్దె మడిగె, మరొకటి సొంత కట్టడం. మడిగె రేపే తెరవొచ్చు. కట్టడానికి మేస్త్రీ కావాలి, తర్వాత మరమ్మతులకూ ఆయనే కావాలి.

ఏది మేలన్నది సరుకును బట్టి తేలుతుంది. సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లంతా నూలు. అంచు, కొంగు పట్టు. నూలు, పట్టు కలిసే కుట్టు దగ్గర తీసిన ఒక్క ఫొటో, హోంపేజీలో కదిలే బొమ్మలకన్నా ఎక్కువ చీరలు అమ్మిపెడుతుంది. మగ్గం మీది చీర చాలావరకు ఒక్కటే ఉంటుంది కాబట్టి బిల్డర్‌లో స్టాకు ‘1’ అని పెట్టాలి. అదే చీర సాయంత్రం కౌంటర్‌లో అమ్ముడుపోయి, ఫోన్‌లో ఎవరూ తీసేయకపోతే, లేని చీరకు ఆర్డరొస్తుంది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. లక్షలు పోసి కట్టించిన సైటులోనైనా బిల్లింగ్‌తో ముడిపెట్టకపోతే ఇదే గతి.

కస్టమ్ సైటు ఖర్చుకు న్యాయం జరిగేది పురమాయింపు చీర దగ్గర. రంగు, అంచు ఎంచుకోవడం, అడ్వాన్సు, రంగుల అద్దకం, మగ్గమెక్కడం, మిగతా డబ్బు, పార్సిల్: ఇన్ని మెట్లను బిల్డర్‌లోని ‘కొనండి’ బటన్ ఒక్కటే మోయలేదు.

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మామిడికి ఉండేది వేసవి గిరాకీయే. దానికి ఏడాది పొడవునా అద్దె దండగ. వాట్సాప్ బిజినెస్ కేటలాగ్ సరిపోతుంది. వనపర్తి పల్లీ వ్యాపారికి చిరునామా, ఫోన్ నంబరు, మ్యాపు ఉన్న ఒక్క పేజీ చాలు. ధర ఎలాగూ రోజూ మారేదే.

అద్దె మడిగెకు ఓ చిక్కుంది: యజమాని ఖాళీ చేయమంటే చేయాల్సిందే. గూగుల్ చిన్న వ్యాపారాలకు ఉచితంగా ఇచ్చిన బిజినెస్ ప్రొఫైల్ సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. విక్స్‌లో కట్టిన సైటును యథాతథంగా ఎత్తి మరో హోస్టింగ్‌లో పెట్టుకోలేరు. 2003లో వచ్చిన ఓపెన్ సోర్స్ వర్డ్‌ప్రెస్ నడిమి దారి. సైటును ఎక్కడికైనా తరలించవచ్చు గానీ, అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసే మనిషి కావాలి.

ఏ దారి పట్టినా డొమైన్ పేరు వ్యాపారి సొంత ఈమెయిల్, ఫోన్ నంబరుతోనే రిజిస్టర్ కావాలి. సైటు చేసిన కుర్రాడి పేరున ఉంటే, అతను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి నంబరు మార్చిన ఏడాది, రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ అతని పాత ఇన్‌బాక్స్‌కే వెళ్తుంది.