ఎల్‌ఈడీ మెల్లమెల్లగా ఆరాలంటే ఎలా?

స్విచ్ నొక్కితే టక్కున వెలగడం, వదిలితే టక్కున ఆరడం ఎల్‌ఈడీ తీరు. దానికి నిదానం నేర్పేది కెపాసిటర్.

9 వోల్టుల బ్యాటరీ ప్లస్ నుంచి పుష్ బటన్, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ మీదుగా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు వైరు కలపండి. బేస్‌కూ మైనస్‌కూ మధ్య 220 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టండి. గీత ఉన్న కాలు మైనస్ వైపే ఉండాలి, తిరగేస్తే పాడవుతుంది. కలెక్టర్ నేరుగా ప్లస్‌కు. ఎమిటర్ నుంచి 330 ఓమ్‌ల రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ గుండా మైనస్‌కు.

బటన్ నొక్కి పట్టుకుంటే, సన్నధార కింద బిందె నిండినట్టు కెపాసిటర్ నిండుతుంది. మొదట కాసేపు ఏమీ వెలగదు, కంగారు పడకండి! బేస్ దగ్గర సుమారు 2.5 వోల్టులు చేరాలి: ట్రాన్సిస్టర్‌కు 0.7, మిగతాది ఎల్‌ఈడీకి.

మరి మధ్యలో ట్రాన్సిస్టర్ ఎందుకు? కెపాసిటర్‌కే ఎల్‌ఈడీని తగిలిస్తే అందులోని చార్జి రెప్పపాటులో ఖాళీ. ట్రాన్సిస్టర్ మాత్రం బేస్‌లోకి రవ్వంత కరెంటే తీసుకుని, దానికి వంద రెట్లకు పైగా బ్యాటరీ నుంచి ఎల్‌ఈడీకి పంపుతుంది. అందుకే బటన్ వదిలాక కూడా వెలుగు చాలా సెకన్లు సాగుతూ తగ్గుతుంది. ఇంకా సాగాలా? 470 మైక్రోఫారడ్‌లది పెట్టి చూడండి.