కోటగోడ లోపలి ఊరు

రాత్రి పడుకోబోయే ముందు వీధితలుపు గడియ పడిందో లేదో చూసుకోవడం మన ఇళ్ళలో ఎక్కువగా ఆడవాళ్ళ పనే. జర్మనీలో బవేరియా రాష్ట్రంలోని నోర్డ్‌లింగెన్ అనే చిన్న పట్టణం ఆ పనినే ఒక కథగా ఈనాటికీ చెప్పుకుంటోంది.

ఇరవై వేల జనాభా ఉన్న ఈ ఊరి పాతభాగం చుట్టూ గుండ్రని కోటగోడ, దానికి అయిదు ద్వారాలు. గోడమీద నడుస్తూ ఊరంతా చుట్టి రావచ్చు. నడిబొడ్డున సెయింట్ జార్జి చర్చి ఉంది. 1427లో మొదలుపెడితే 1505కి గానీ పూర్తి కాలేదు. అంటే తాతలు మొదలెట్టిన పని మనవలు ముగించారన్నమాట! 90 మీటర్ల ఎత్తున్న దాని గోపురాన్ని ఊరివాళ్ళు మనిషిని పిలిచినట్టు ‘డానియెల్’ అంటారు. రాత్రి పది గంటల నుంచి గోపురం మీది కావలివాడు అరగంటకొకసారి కేక వేస్తాడు.

ఆ కేక వెనక కథ ఇది. 1440లో పొరుగున ఉన్న ఓటింగెన్ ప్రభువు కావలివాళ్ళకు లంచమిచ్చి కోటతలుపు తీసి ఉంచమన్నాడట. రాత్రివేళ ఆ దారిన పోతున్న ఒక నేతగాడి ఇల్లాలు, ఒక పంది వీపు రుద్దుకుంటుంటే తలుపు కదలడం చూసింది. వెంటనే అరిచి ఊరిని లేపింది. అలా ఊరు దక్కిందంటారు.

ఇక చర్చి కట్టిన బూడిదరంగు రాయి సంగతి వినండి. ఆ ఊరున్న పల్లం అగ్నిపర్వతం వల్ల ఏర్పడిందని చాలాకాలం అనుకున్నారు. 1960లో అమెరికన్ శాస్త్రజ్ఞులు షూమేకర్, చావ్ ఆ ప్రాంతపు రాతిని పరీక్షించి, కోటిన్నర సంవత్సరాల క్రితం ఆకాశం నుంచి పెద్ద శిల పడి ఆ పల్లం ఏర్పడిందని తేల్చారు. ఆ దెబ్బకు కరిగి, చితికి, ముద్దయిన రాయే చర్చి గోడల్లో ఉంది.

ఇంత జాగ్రత్తగల ఊరికీ ఒకసారి ఆపద లోపలి నుంచే వచ్చింది. 1590 నుంచి 1594 వరకు మంత్రగత్తెలన్న నెపంతో 34 మంది స్త్రీలనూ, ఒక పురుషుణ్ణీ చంపేశారు. పూటకూళ్ళ సత్రం నడిపే మరియా హోల్‌ అనే ఆవిడను 1593లో పట్టుకుని, అరవైసార్ల దాకా చిత్రహింసలు పెట్టారు. చేయని నేరం ఒప్పుకోలేదామె, ఇంకొకరి పేరూ చెప్పలేదు. ఉల్మ్ నగరం పెద్దలు కూడా కలగజేసుకోవడంతో 1594లో వదిలిపెట్టారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఆ వేట చాలావరకు చల్లారింది.

చేతబడి, బాణామతి అని మనుషులను కొట్టి చంపిన వార్తలు మన వైపు నుంచీ వస్తూనే ఉన్నాయి కదా! ఇటువంటివి పక్కింటివాళ్ళ గుసగుసలతోనే మొదలవుతాయి. ఆ గుసగుస మన చెవిన పడితే అక్కడే ఆపేద్దాం, పిల్లలకూ అదే నేర్పుదాం.

మ్యూనిక్ వైపు ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లులు ఇప్పుడు చాలామందే. ఒకరోజు వీలు చేసుకుని నోర్డ్‌లింగెన్ వెళ్ళండి. గోపురానికి 350 మెట్లున్నాయి. మోకాళ్ళు సహకరించకపోతే చర్చి గోడను చేత్తో తాకి చూడండి, చాలు.