క్యాన్సర్ రోగి సత్తువ అంచనా: అపోహలు – వాస్తవాలు

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి క్యాన్సర్ ముదిరిన మనిషిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు రిపోర్టులతో పాటు మరో సంగతీ ఆరా తీస్తారు: ఇంట్లో ఏమేం చేసుకోగలుగుతున్నారు? ఈ ప్రశ్నకు నిజమైన జవాబు దొరికితేనే సరైన వైద్యం అందుతుంది.

అపోహ: స్కానింగు చూస్తే చాలు, ఈ ప్రశ్నలన్నీ ఊరికే అడుగుతారు.

వాస్తవం: స్కానింగు గడ్డ ఎంతుందో చెబుతుంది, మనిషికి రోజెలా గడుస్తోందో చెప్పదు. దాన్ని తెలుసుకోవడానికి కార్నోఫ్‌స్కీ, బర్చెనాల్ అనే అమెరికా వైద్యులు 1949లో 100 నుంచి 0 వరకు ఒక కొలమానం ప్రకటించారు. తర్వాత 0 నుంచి 5 వరకు ఉండే ఈకాగ్ కొలమానం వచ్చింది. 1996లో కెనడాలోని విక్టోరియా హాస్పిస్ వారు ఉపశమన చికిత్స కోసమే మరొకటి తయారుచేశారు. అది నడక, పనిపాటలు, సొంత అవసరాలు, తిండి, స్పృహ అనే ఐదింటిని చూస్తుంది.

అపోహ: పనికి పోలేకపోతే మంచం పట్టినట్టే.

వాస్తవం: ఆ రెంటి మధ్య చాలా మెట్లున్నాయి. గుంటమగ్గం మీద నేయలేకపోయినా కూర్చుని కండెలు చుట్టగలిగితే ఈకాగ్ లెక్కలో 1. ఏ పనీ చేయలేకున్నా స్నానం, భోజనం తానే చూసుకుంటూ, మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా లేచి తిరుగుతుంటే 2. సగానికి పైగా మంచంలోనో కుర్చీలోనో గడుపుతుంటే 3. పూర్తిగా మంచానికే పరిమితమై, అన్నిటికీ ఇంకొకరు కావలసివస్తే 4.

అపోహ: గట్టిగానే ఉన్నాడని చెబితే మంచి మందులిస్తారు.

వాస్తవం: బాగా నీరసించిన ఒంటికి కీమో మేలు కన్నా కీడే ఎక్కువ చేయవచ్చు. లేని సత్తువ ఉందని చెబితే ఆ భారం మోయాల్సింది రోగే. మన వైపు ఇంకో చిక్కుంది. కొడుకులు, కోడళ్లు సుగ్గికని గుంటూరు మిరప చేలకు వలసపోతారు. ఇంట్లో చూసుకునేది ముసలి తల్లి, ఆసుపత్రికి తోడొచ్చేది వేరొకరు. పక్కనుండి చూసినవారి మాటే డాక్టరుకు చేరాలి. వాళ్లు రాలేకపోతే ఫోనులోనైనా మాట్లాడించాలి.

అపోహ: ఒకసారి సత్తువ తగ్గితే మళ్లీ రాదు.

వాస్తవం: నీరసానికి కారణం ప్రతిసారీ క్యాన్సరే కాదు. నొప్పి, రక్తహీనత, ఇన్ఫెక్షన్, మలబద్ధకం, దిగులు కూడా మనిషిని పడుకోబెడతాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. నొప్పి తగ్గితే మళ్లీ లేచి వాకిట్లో కూర్చునేవారున్నారు. అందుకే ఒక్కసారి చూసి వదిలేయకుండా సత్తువను మళ్లీ మళ్లీ అంచనా వేస్తారు.

అపోహ: మార్ఫిన్ మొదలుపెడితే మనిషి మత్తులోనే ఉండిపోతాడు.

వాస్తవం: మొదటి కొద్ది రోజులు మగతగా ఉండవచ్చు, సరైన మోతాదులో చాలామందికి అది తగ్గిపోతుంది. మలబద్ధకం మాత్రం కొనసాగుతుంది కాబట్టి దానికి మందు కూడా ఇస్తారు. నొప్పితో బాధపడేవారికి మార్ఫిన్ అందడం సులువు కావాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు.

అపోహ: తినకపోతే గ్లూకోజు ఎక్కిస్తే బలం వస్తుంది.

వాస్తవం: అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెరే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు సెలైన్ అవసరపడవచ్చు. చివరి రోజుల్లో మాత్రం ఎక్కువైన నీరు వాపును, ఆయాసాన్ని పెంచవచ్చు. అప్పుడు బలవంతంగా తినిపించడం కన్నా నోరు తడుపుతూ, శుభ్రంగా ఉంచడమే మేలు.

ఈసారి ఆసుపత్రికి వెళ్లేముందు వారం రోజుల సంగతులు ఒక కాగితం మీద రాయండి: పగలు ఎంతసేపు పడుకున్నారు, స్నానానికి ఎవరైనా సాయం పట్టారా, ఎంత తిన్నారు, నొప్పి ఎప్పుడు పెరిగింది. రాయడం రాకపోతే గుర్తుపెట్టుకుని చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దాచకండి. మీ మనిషికి తగిన వైద్యం అక్కడి నుంచే మొదలవుతుంది.