కొల్లేటి ఆటకు ఏ పనిముట్టు?

పిల్లలూ! కైకలూరు దగ్గర ఆటపాక అనే ఊరున్నది. ఊరి పేరులోనే ఆట ఉన్నది, చూశారా! ఏలూరు చుట్టుపక్కల ఉండే మీలో చాలామంది అక్కడికి వెళ్ళి గూడబాతులను చూసే ఉంటారు. గూడబాతు ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది. అది చేపను నీళ్ళతో సహా సంచిలోకి తోడి, నీళ్ళు వదిలేసి, చేపను మింగుతుంది.

దీనిమీద ఒక కంప్యూటర్ ఆట తయారు చేయాలని మీకు తోచిందనుకోండి. ఆటలో గూడబాతు మీరే. గూటిలో పిల్లలు ఆకలితో అరుస్తున్నాయి. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటికి నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. నీరు తగ్గిపోయేలోగా మీరు చేపలు పట్టాలి. ఆట బాగానే ఉన్నది. కాని దాన్ని దేనితో తయారు చేయాలి? పైసా ఖర్చులేని పనిముట్లే ఎన్నో ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

కొల్లేటి లంకలో ఒకాయన కూలి అడగకుండా మిమ్మల్ని తన దోనెలో అవతలి గట్టుకు చేర్చాడనుకోండి. మంచిదే. కాని రేపు ఆయన డబ్బు అడగవచ్చు, లేదా దోనెను అమ్మేయవచ్చు. ఇంకొకాయన దోనె ఇవ్వటమే కాక, తాటి మొద్దును ఎట్లా తొలిచాడో చూపించి, "మీకు కావలసినట్టు మార్చుకోండి" అన్నాడు. ఇద్దరూ ఉచితంగానే ఇచ్చారు, కాని రెండూ ఒకటి కావు. రెండవ రకం పనిముట్లను ఓపెన్ సోర్స్ అంటారు. వాటిని తయారు చేసిన ప్రోగ్రాం అంతా ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. యూనిటీ అనే గేమ్ ఇంజను ఉన్నది. చిన్నవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోరు గాని, అది కంపెనీ సొత్తు. 2023 సెప్టెంబరులో ఆ కంపెనీవారు, బాగా సంపాదించే ఆటలను కొత్తగా ఎవరు ఇన్‌స్టాల్ చేసుకున్నా తమకు రుసుము కట్టాలన్నారు. ఆటలు తయారు చేసేవాళ్ళు గగ్గోలు పెట్టారు. 2024 సెప్టెంబరులో ఆ రుసుము రద్దయింది. బ్లెండర్ సంగతి వేరు. బొమ్మలు చేసే ఆ ఓపెన్ సోర్స్ పనిముట్టులో ఆటలు తయారు చేసే భాగం కూడా ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. కాని దాని ప్రోగ్రాం అందరి చేతుల్లోనూ ఉన్నది గనక, వేరేవాళ్ళు యూపీబీజీఈ అనే పేరుతో దాన్ని నడుపుతున్నారు.

ఇక మన గూడబాతు సంగతి. నన్నడిగితే స్క్రాచ్‌తో మొదలుపెట్టమంటాను. అమెరికాలోని ఎం.ఐ.టి.వారు 2007లో దీన్ని పిల్లల కోసం విడుదల చేశారు. ఇందులో ఏమీ టైపు చేయనక్కరలేదు. ముక్కకు ముక్క తగిలించటమే. ఒక్క సాయంత్రంలో మీ పక్షి ఎగురుతుంది. అయితే ఆటను ఫోన్ యాప్‌గా మార్చే వీలు స్క్రాచ్‌లో లేదు.

మీకు నచ్చినది అరుగుమీద గీసి ఆడే పులిమేక అనుకోండి. 3 పులులు, 15 మేకలు. ఎగరటాలు, పరిగెత్తటాలు లేవు. ఉన్నదంతా లెక్కే. ఏ చుక్క నుంచి ఏ చుక్కకు గీత ఉన్నదో రాసుకోవాలి. పులి దూకాలంటే మేక అవతల చుక్క ఖాళీగా ఉన్నదా అని చూడాలి. ఇందుకు పైథాన్ భాష, దానికి తోడు పైగేమ్ చాలు. సి.బి.ఎస్.ఇ. 11వ తరగతి కంప్యూటర్ సైన్సులో పైథాన్ ఎట్లాగూ వస్తుంది.

పెద్ద ఆటకు గోడో ఉన్నది. అర్జెంటీనావాళ్ళు హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ దీన్ని తయారు చేసి, 2014లో అందరికీ తెరిచారు. దింపుకున్న ఫైలును విప్పి తెరిస్తే చాలు, పనిచేస్తుంది. పెన్ డ్రైవ్‌లో వేసుకొని తాడేపల్లిగూడెంలోని చుట్టాలింటికి తీసుకుపోవచ్చు. మీ కంప్యూటర్ పాతదైతే కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు "కంపాటిబిలిటీ" అనే రకాన్ని ఎంచుకోండి.

ఇక్కడ మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కొకటి ఉన్నది. "కొల్లేరు" అన్న మాట కంప్యూటరుకు విడివిడి ముక్కలుగా అందుతుంది. ల కింద ల వత్తు వేసి, పైన ఏత్వం పెట్టటం మరొక పని. గోడో 3వ రకంలో ఈ పని సరిగా జరిగేది కాదు, అక్షరాలు చెదిరిపోయేవి. 2023 మార్చిలో వచ్చిన 4.0లో ఇందుకు ఏర్పాటు చేశారు. కనక మీరు ఏ పనిముట్టు తీసుకున్నా, బొమ్మలు గీయకముందే కొల్లేరు, తమ్మిలేరు, ఉప్పుటేరు అని మూడు మాటలు రాసి చూడండి. వత్తులు చెదిరితే పనిముట్టునైనా మార్చండి, దాని కొత్త రకాన్నైనా తెచ్చుకోండి. నెల రోజులు శ్రమపడ్డ తరవాత ఆట పేరే తప్పుగా కనిపిస్తే ఏడుపు వస్తుంది!

అక్షరాలకూ కొనవలసిన పని లేదు. సిలికానాంధ్రవారు అందించిన మండలి, గిడుగు, ధూర్జటి వంటి ఫాంట్లను ఆటలో పెట్టుకోవచ్చు.

పెద్దలకొక మాట: పిల్లవాడికి అన్ని పనిముట్లూ ఒకేసారి దింపి ఇవ్వకండి. ఒకటి ఇచ్చి, గూడబాతు ఒక్క చేపనైనా పట్టేదాకా ఆగండి.

ఆట పూర్తయ్యాక చివర ఒక తెర మిగల్చండి. గోడోతో చేస్తే దాని లైసెన్సు మాటలను ఆటతోపాటు ఇవ్వాలన్నది నియమం. అవి ఆ తెరమీద పెట్టండి. ఫాంటు పేరు, గూడబాతు బొమ్మ గీసిపెట్టిన మీ స్నేహితుడి పేరు కూడా అక్కడే రాయండి.